ఉద్యోగిని ఉడుపులు: ఖరీదు వేరు, ఖర్చు వేరు

ఉద్యోగపు ఉత్తర్వు చేతికి అందిన రోజున ఇల్లంతా సంతోషమే. మరునాటి ఉదయానికి ఆ సంతోషంలో ఒక చిక్కు వచ్చి కూర్చుంటుంది. ఒకటవ తేదీన పనిలో చేరాలి. జీతం చేతికి వచ్చేది ఆ నెల గడచిన తరువాత. బట్టలు మాత్రం మొదటి రోజుననే కావాలి. కళాశాలకు వేసికొని వెళ్ళిన దుస్తులు కార్యాలయానికి పనికిరావేమోనని అమ్మాయికి సంకోచం. పెట్టెలో ఉన్న పట్టుచీరలు రోజూ కట్టుకొనేవి కావని తల్లికి తెలుసు. ఇంతలో వాయిదాల మీద చీరలు ఇచ్చే ఆమె వీధి అరుగు మీద మూట విప్పుతుంది. నాలుగు చీరలు తీసికొంటారు. ఇంకా సంపాదించని జీతంలో మూడు నెలల భాగం అక్కడికక్కడే ఖర్చయిపోతుంది.

మహిళల కార్యక్రమానికి వచ్చే ఉత్తరాలలో ఈ చిక్కు తరచు కనిపిస్తుంది. వ్రాసేవారు పెద్ద జీతాలవారు కారు. ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయినులు, ఆసుపత్రులలో చీట్లు వ్రాసే బల్ల దగ్గర కూర్చునేవారు, దుకాణాలలో అమ్మకపు పని చేసేవారు, చిన్న కార్యాలయాలలో కంప్యూటరు ముందు లెక్కలు ఎక్కించేవారు. నెలకు పది, పన్నెండు వేల రూపాయలలో బస్సు ఖర్చు పోగా, ఇంటికి ఇవ్వవలసినది ఇవ్వగా, మిగిలినదానితో వీరు బట్టలు కొనుక్కోవాలి. అందుచేత మేము అలంకారాన్ని గురించి కాక లెక్కను గురించి మాట్లాడదలచాము.

పురుషులకు ఈ బాధ బొత్తిగా లేదనలేము గాని, తక్కువ. రెండు ప్యాంట్లు, నాలుగు చొక్కాలతో సంవత్సరం గడిపిన గుమాస్తాను ఎవరూ వేలు పెట్టి చూపరు. అదే కార్యాలయంలో ఒక స్త్రీ ఒకే చీరను వారంలో రెండవసారి కట్టుకొని వస్తే, “ఏమండీ, సోమవారం కట్టినదే గదా ఇది?” అని ప్రక్క బల్ల నుండి పలకరింపు వస్తుంది. అడిగిన ఆమె మనసులో దురుద్దేశం ఉండకపోవచ్చు. విన్న ఆమె మాత్రం ఆ ఆదివారమే బజారుకు వెళుతుంది. మా అభిప్రాయం స్పష్టంగానే చెబుతాము. ఉద్యోగపు దుస్తులకు కావలసిన గుణాలలో క్రొత్తదనం లేదు. ఉతికి ఉండాలి, ముడతలు లేకుండా ఉండాలి, ఒంటికి సరిపోవాలి, చేసే పనికి అడ్డు రాకూడదు. ఈ నాలుగూ ఉన్న చీర వారానికి ఒకసారి చొప్పున రెండేళ్ళు కనిపించినా అందులో చిన్నతనం ఏమీ లేదు.

బజారుకు వెళ్ళకముందు అడిగి తెలిసికొనవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. ఉద్యోగం ఇచ్చేవారు ఏకరూప దుస్తులు ధరించాలంటారా? అంటే, అవి ఎవరి డబ్బుతో కొనాలి? అనేక ప్రైవేటు పాఠశాలలలో వారానికి ఒకటి రెండు రోజులు అందరూ ఒకే రకం చీర కట్టుకోవాలన్న నియమం ఉంటుంది. ఆ చీర డబ్బు మొదటి జీతంలోనే పట్టుకొనే చోట్లూ లేకపోలేదు. చేరకముందు ఈ మాట అడుగుట మర్యాద తప్పడం కాదు. ప్రభుత్వాలే ఈ ఖర్చును గుర్తించాయి. అంగన్‌వాడీ సేవల పథకంలో కార్యకర్తలకు ఏకరూప చీరలు ఇచ్చే ఏర్పాటు ఉన్నది. కేంద్ర ప్రభుత్వం 2017లో, ఏడవ వేతన సంఘం సిఫార్సులు చూచిన మీదట, ఏకరూప దుస్తులు ధరించవలసిన ఉద్యోగులకు అంతకుముందున్న చిన్న చిన్న భత్యాలను కలిపి ఒకే దుస్తుల భత్యం చేసింది. ఆనాడు నిర్ణయించినది సంవత్సరానికి 5,000 నుండి 20,000 రూపాయల వరకు, నాలుగు అంతస్తులుగా. అలా కలిసిపోయిన భత్యాలలో బట్టలు ఉతికించుకొనుటకు ఇచ్చేది కూడా ఒకటి. ఉతుకు కూడా ఖర్చేనని సర్కారు ఖజానాకు తెలిసిన విషయం మన ఇంటి లెక్కలలోకి ఇంకా రాలేదు.

కొన్ని వృత్తులలో నియమమే మేలు చేస్తుంది. న్యాయవాదులను చూడండి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల ప్రకారం స్త్రీ న్యాయవాది చీర తెలుపుగాని, నలుపుగాని, పూలూ బొమ్మలూ లేని మరేదైనా లేతరంగుగాని కావచ్చు. తెలుపు, నలుపు రంగులలో సల్వారు కమీజు, చుడీదారు కూడా ధరించవచ్చు. పైన నల్లకోటు, మెడకు తెల్లని పట్టీలు. వేసవిలో సుప్రీంకోర్టు, హైకోర్టులలో తప్ప నల్లకోటు తప్పనిసరి కాదు. క్రొత్తగా వృత్తిలో చేరిన యువతికి మొదటి సంవత్సరాలలో రాబడి అంతంతమాత్రమేనని అందరికీ తెలిసినదే. అటువంటి వృత్తిలో రెండు రంగులతో జీవితమంతా గడపవచ్చుననుట ఆమెకు దక్కిన అదృష్టమనే చెప్పాలి. అక్కడ ఎవరూ “మొన్న కట్టినదే గదా” అనరు. ఈ నియమాన్ని తమకు తామే విధించుకొన్న ఉపాధ్యాయినులు ఉన్నారు. నాలుగు రంగులు దాటి కొనకూడదని ఒట్టు పెట్టుకొంటే, బజారులో సగం చీరలు మన కంటికే ఆనవు.

ఇక లెక్కకు వద్దాము. మేము చెప్పే ధరలు ఊరిని బట్టి, అంగడిని బట్టి మారతాయి. ధరను కాక లెక్క వేసే తీరును పట్టుకొనండి.

ఒక నూలు చీర తొమ్మిది వందలు అనుకొందాము. ఫాలు కుట్టించి, కొంగు చివర పీకో చేయించేసరికి వెయ్యి. వారానికి ఒకసారి కడితే రెండేళ్ళలో నూరుసార్లు. అంటే ఒకసారి కట్టుటకు పది రూపాయలు. ఒక పట్టుచీర ఆరువేలు. కార్యాలయంలో పండుగకో, వీడ్కోలు సభకో సంవత్సరానికి ఐదుసార్లు కట్టినా ఆరేళ్ళకు ముప్పైసార్లు. అంటే ఒకసారికి రెండు వందలు. ఇంతవరకు అందరూ వేసే లెక్కే. కాని ఇక్కడ ఆగితే మోసపోతాము. నూలు చీరను కట్టిన ప్రతిసారీ ఇస్త్రీ చేయాలి. బండి మీద ఇస్త్రీ చేసే అతనికి చీరకు పదిహేను రూపాయలు ఇస్తే, నూరుసార్లకు పదిహేను వందలు! చీర ఖరీదుకు ఒకటిన్నర రెట్లు. అంగడిలో వెయ్యి రూపాయలకు కొన్నామనుకొన్న చీర నిజానికి రెండువేల ఐదువందలకు కొన్నాము. అంగడివాడు చెప్పినది ఖరీదు. రెండేళ్ళలో మన చేతి నుండి పోయినది ఖర్చు. మన ఇళ్ళలో చీరల మీద జరిగే వాదాలన్నీ ఖరీదు మీద జరుగుతాయి. ఖర్చును ఎవరూ అడగరు.

అదే ఇస్త్రీ ఇంటిలో చేసికొంటే? వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె పావుగంట నడిస్తే పావు యూనిట్టు విద్యుత్తు. అది ఒకటి రెండు రూపాయల మాట. డబ్బు మిగిలింది గాని, పావుగంట పోయింది. వారానికి ఆరు చీరలంటే గంటన్నర. ఆ గంటన్నర ఎవరిదన్నది మరొక ప్రశ్న. చాలా ఇళ్ళలో మగవారి చొక్కాల తరువాత, పిల్లల బడి దుస్తుల తరువాత, ఆదివారం రాత్రి పదిగంటలకు ఈ చీరల వంతు వస్తుంది. ఇస్త్రీపెట్టె పట్టుకొనుటకు మగవారికి ఏ శాస్త్రమూ అడ్డు చెప్పలేదని ఈ సందర్భంలో మనవి చేస్తున్నాము.

ఈ బాధ పడలేక పాలియెస్టరు చీరల వైపు తిరిగినవారిని మేము తప్పు పట్టము. ఆరువందలకు వస్తుంది, రాత్రి ఉతికి ఆరవేస్తే తెల్లవారేసరికి ఆరుతుంది, ఇస్త్రీ అక్కరలేదు, రంగు పోదు. లెక్కలో చూస్తే ఒకసారికి ఆరు రూపాయలు. నూలు చీర దీని ముందు నిలువదు. కాని బెజవాడ ఎండలో మే నెల మధ్యాహ్నం, రద్దీ బస్సులో నిలబడి ప్రయాణం చేసిన వారికి ఆ ఆరు రూపాయల చీర సంగతి తెలుసు. చెమటను పీల్చదు, ఒంటికి అంటుకొంటుంది, సాయంత్రానికి వాసన పడుతుంది. ఉదయం హడావుడిగా వంట ముగించి ఆ బట్టతోనే బయలుదేరేవారికి మరొక ప్రమాదం ఉన్నది: నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకొంటుంది. కనుక అన్నీ ఒకే జాతివి కొనకుండా, వేసవికి నూలువి, వానకాలంలో బట్టలు ఆరని రోజులకు నూలూ పాలియెస్టరూ కలసిన రెండు చీరలు పెట్టుకొనుట తెలివైన పని. ఇంటి నుండి బయటికి వెళ్ళేవారు వానకాలాన్ని మరచిపోయి బట్టలు కొంటారు. శ్రావణంలో తడి చీర ఫాను కింద ఆరవేసికొంటూ అది గుర్తు చేసికొంటారు.

చీరకన్నా ఎక్కువ డబ్బు తినేది మరొకటి ఉన్నది. అది రవిక. చీర ఒకసారి కొంటే అయిపోయింది. రవికకు గుడ్డ, కుట్టుకూలి, లోపలి పొర, హుక్కులు. సాదా రవికకు కుట్టుకూలి మూడువందల యాభై అనుకొందాము. చీరకు వచ్చిన రవిక గుడ్డతో ఆ చీరకు ఆ రవికే కుట్టిస్తూ పోతే, తొమ్మిది చీరలకు మూడువేల నూట యాభై. ఆ తొమ్మిదింటిలో ఏ రవికా రెండవ చీరకు పనికిరాదు. పైగా చీర కన్నా రవికే ముందు పోతుంది. చంకల దగ్గర చెమటకు గుడ్డ బలహీనపడి చిరుగుతుంది, లేదా మనిషి కాస్త ఒళ్ళు చేస్తే పట్టదు. అప్పుడు బాగున్న చీర కూడా పెట్టెలో పడుకొంటుంది.

దీనికి అనుభవజ్ఞురాలైన ఉద్యోగినులు కనిపెట్టిన ఉపాయం తలక్రిందుల పద్ధతి. ముందు రవికలు, తరువాత చీరలు. నలుపు, మెరూను, ముదురు ఆకుపచ్చ, గంధపు రంగు, ఈ నాలుగు రంగులలో మంచి నూలు గుడ్డతో నాలుగు రవికలు కుట్టించుకొంటారు. గుడ్డతో సహా ఒక్కొక్కటి ఐదువందలు అయినా మొత్తం రెండువేలే. తరువాత కొనే ప్రతి చీరలోను అంచులోనో, గీతలోనో ఈ నాలుగు రంగులలో ఒకటి ఉన్నదా లేదా అని చూస్తారు. లేకపోతే ఎంత అందంగా ఉన్నా దించివేస్తారు. మిగిలిన వెయ్యి నూట యాభైతో ఇంకొక చీర వస్తుంది. చీరలతో వచ్చిన రవిక గుడ్డలు ఎక్కడికీ పోవు. రెండేళ్ళ తరువాత పాత రవికలు పోయినప్పుడు అక్కరకు వస్తాయి. మూడు రవికలతో సరిపెట్టవచ్చునని కొందరు అంటారు. ఎండాకాలంలో రవికను ఏ రోజుకారోజు ఉతకాలి కనుక మూడు చాలవని మా అభిప్రాయం.

కుట్టించేటప్పుడు రెండు జాగ్రత్తలు. గుడ్డను ఒక రాత్రి నీళ్ళలో నానవేసి, ఆరిన తరువాతనే దర్జీకి ఇవ్వాలి. నూలు మొదటి ఉతుకులో కుదించుకొంటుంది. కుట్టిన తరువాత కుదించుకొంటే చేసేదేమీ లేదు. ఫాలు గుడ్డకూ ఇదే మాట. నానవేయని ఫాలు కుట్టిస్తే మొదటి ఉతుకుకే చీర అంచు ముడుచుకొని పోతుంది. రెండవది, ప్రక్క కుట్ల లోపల అంగుళమైనా గుడ్డ వదలమని దర్జీకి గట్టిగా చెప్పాలి. ఒళ్ళు పెరిగినా, కాన్పు అయి తిరిగి పనిలో చేరినా, కుట్లు విప్పుకొంటే అదే రవిక సరిపోతుంది. ఈ అంగుళం గుడ్డను కత్తిరించి పారవేసే దర్జీలు ఎందుకు పారవేస్తారో మాకు అంతుబట్టలేదు.

ఏ చీర కొనాలన్న మాట వచ్చినప్పుడు మన నేతగాళ్ళను తలచుకోక తప్పదు. ఉద్యోగానికి తగిన చీరలు నేసే ఊళ్ళు తెలుగునాట ఉన్నన్ని చాలాచోట్ల లేవు. మంగళగిరి చీరకు ఒంట్లో బొమ్మలు ఉండవు, అంచు మాత్రమే. ఆ సాదాతనమే కార్యాలయానికి తగినది. నారాయణపేట చీరకు గళ్ళు, ఎదురురంగు అంచు. నలిగినట్లు కనిపించదు, గరుకుగా వాడినా తట్టుకొంటుంది. వెంకటగిరి చీర సన్నన, తేలిక. వేసవిలో కట్టినట్లే ఉండదు గాని, రోజూ బస్సు ఎక్కి దిగే ఆమెకు కాస్త సుకుమారం. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచును నేతలోనే అతుకుతారు. అది రోజువారీ కన్నా సభలకు బాగు. పట్టుచీర కొనదలచిన ఉద్యోగిని దాని బదులు ఒక గద్వాల కొంటే, వేడుకకూ పనికి వస్తుంది, ముఖ్యమైన సమావేశానికీ పనికి వస్తుంది.

నూలు నంబరు అంటే ఏమిటో తెలిసికొంటే అంగడిలో మాటలకు మోసపోము. ఒక పౌను బరువు నూలులో 840 గజాల చిలపలు ఎన్ని ఉంటే అది అన్నవ నంబరు. 80వ నంబరు నూలంటే ఒక పౌనులో 67,200 గజాల దారం, అంటే ముప్పై ఎనిమిది మైళ్ళు! మంగళగిరి చీరలకు సాధారణంగా ఈ 80వ నంబరు వాడతారు, వెంకటగిరికి 100వ నంబరు. నంబరు పెరిగినకొద్దీ నూలు సన్నబడుతుంది, చీర చల్లగా ఉంటుంది, ధర పెరుగుతుంది, ఆయుస్సు కొంచెం తగ్గుతుంది. రోజువారీకి 80 దాటి వెళ్ళనక్కరలేదు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, చేతితో వడికి, అతి సన్నని ఖద్దరు నేస్తారు. అంత చేతిపని ఉన్న గుడ్డ చవుకగా రావాలని కోరుట న్యాయం కాదు. 1923 కాకినాడ కాంగ్రెసు నాడు, ఖాదీ ప్రదర్శన ద్వారం దగ్గర స్వచ్ఛంద సేవికగా నిలబడి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూ అంతవారిని ఆపివేసిన పధ్నాలుగేళ్ళ దుర్గాబాయి కథ మన శ్రోతలకు తెలిసినదే. ఆనాడు ఖద్దరు కట్టుటకు గుండెనిబ్బరం కావలసి వచ్చింది. ఈనాడు మేలురకం ఖద్దరుకు డబ్బు కావలసి వస్తున్నది.

నేత పేరు చెప్పి అచ్చు గుడ్డ అంటగట్టే అంగళ్ళు ఉన్నాయి. ముఖ్యంగా పోచంపల్లి విషయంలో జాగ్రత్త అవసరం. అసలు పోచంపల్లిలో నూలును నేయక ముందే కట్లు కట్టి రంగులలో ముంచుతారు. అందుచేత బొమ్మ రెండువైపులా ఒకే విధంగా కనిపిస్తుంది, బొమ్మ అంచులు కాస్త చెదరినట్లుంటాయి. అచ్చువేసిన దానిని తిరగవేసి చూస్తే వెనుక రంగు వెలవెలబోతుంది. 2006 నుండి చేనేత గుర్తు ఉన్న చీటీ కూడా ఉన్నది. అది కుట్టి ఉన్నదేమో చూడాలి. కొనే కాలం కూడా ముఖ్యమే. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కనుక అంగళ్ళు బేరాలు లేక ధర తగ్గిస్తాయి. గాంధీ జయంతి నాటికి ఖాదీ భండారాలలోను, ఆగస్టు 7 చేనేత దినోత్సవం సమయంలో ఆప్కో వంటి సహకార విక్రయశాలలలోను రాయితీలు ఇస్తూ ఉంటారు. ఉద్యోగంలో చేరే తేదీ మన చేతిలో లేదు గాని, మూడవ చీరనూ నాల్గవ చీరనూ ఆ తేదీల దాకా ఆపుట మన చేతిలో ఉన్నది.

చీర కట్టనివారి మాట. ఒకప్పుడు కార్యాలయానికి పంజాబీ దుస్తులలో వెళ్ళుట సాహసమే. ఇప్పుడు అది తెలుగునాట చాలాచోట్ల సహజమైనది, స్కూటరు మీద వెళ్ళే అమ్మాయిలకు సౌకర్యం కూడా. ఇక్కడా అదే సూత్రం: నలుపు, గోధుమ రంగులలో రెండు పైజామాలు, వాటికి నప్పే ఐదు కుర్తాలు, రెండు చున్నీలు. మూడూ కలిపి ఒకే జతగా కొనే దుస్తులు మొదట చవుకగా కనిపిస్తాయి గాని, చున్నీ రంగు పోగానే జత చెడుతుంది. కుర్తాకు ప్రక్కన జేబు పెట్టించుకొనండి. మన అవ్వలు బొడ్లో దోపుకొన్న చిన్న సంచిలో ఇంటి తాళాలు, డబ్బు, వక్కపలుకులు అన్నీ ఉండేవి. మనుమరాలి దుస్తులకు ఫోను పెట్టుకొనే చోటు కూడా లేదు. చీర కట్టేవారు లోపలి లంగాకు కుడివైపున ఒక జేబు కుట్టించుకొంటే బస్సులో చేతిసంచి పోయినా చార్జీ డబ్బు పోదు.

చున్నీ, కొంగు ఎక్కడ ఎగురుతున్నాయో ఎప్పుడూ కనిపెట్టి ఉండాలి. స్కూటరు వెనుక కూర్చున్నవారి బట్టలు చక్రంలో చిక్కి జరిగే ప్రమాదాలు కొత్తవి కావు. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 123వది, మోటారు సైకిలు వెనుక చక్రంలో సగానికి తక్కువ కాకుండా కప్పే అడ్డు ఉండాలని చెబుతుంది. అందం కోసం ఆ అడ్డును ఊడదీయించే యువకులు, వెనుక కూర్చునే తల్లినీ అక్కనూ ఒకసారి తలచుకోవాలి. యంత్రాల దగ్గర పనిచేసే స్త్రీలు కొంగు నడుముకు బిగించుట, జడ ముడి వేసికొనుట అలవాటు చేసికోవాలి. కొంగుకు పిన్నీసు పెట్టేటప్పుడు ఒక చిన్న పూసను ముందుగా పిన్నీసులోకి ఎక్కిస్తే, గుడ్డ దాని మెలికలో చిక్కి చిరగదు.

చెప్పుల గురించి ఎక్కువ చెప్పము. రోజంతా నిలబడేవారు మడమ ఎత్తు లేనివి, వానలో జారనివి, ఒకటే మంచివి కొనాలి. అసలు నిలబెట్టడమే సమస్య అయిన చోట చెప్పులు ఏమి చేస్తాయి? దుకాణాలలో పనిచేసేవారు కూర్చొనుటకు ఆసనాలు ఉండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో తమ చట్టాలను సవరించాయి. వందల చీరలు విప్పి చూపే అమ్మాయికి ఒక పీట వేయుట అంత పెద్ద విషయమా అని అడిగేవారు ఉంటారు. చట్టం చేయవలసి వచ్చిందంటే పెద్ద విషయమే అయి ఉండాలి.

బట్టల ఆయుస్సు సగం కొనడంలో, సగం ఉతకడంలో ఉంటుంది. క్రొత్త రంగు చీర మూలను తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. రంగు అంటితే మొదటి రెండు మూడు ఉతుకులు చల్లని నీళ్ళలో, విడిగా. నీడలో, తిరగవేసి ఆరవేయాలి. గంజి పలుచగా ఉండాలి. అట్టలాగా నిలిచే గంజి చీరకు మడతల దగ్గర గాట్లు పెడుతుంది. వానకాలంలో గంజి మానివేయుట మేలు. పెట్టెలో దాచే చీరకు అసలే ఉండకూడదు. గంజికి బూజు పడుతుంది, పురుగు చేరుతుంది. మా వృత్తిలో గంజికి మరొక దోషం కూడా ఉన్నది. రేడియో మాట్లాడేవారు ఏమి కట్టుకొన్నారో ఎవరికి కనిపిస్తుందని శ్రోతలు అనుకోవచ్చు. కనిపించదు, వినిపిస్తుంది! గంజిపెట్టిన చీర కట్టిన ఆమె మైకు ముందు కాస్త కదిలితే ఎండుటాకుల మీద నడచిన చప్పుడు వస్తుంది. పట్టుచీర గరగర, గాజుల గలగల కూడా అంతే. అందుచేత మా స్టూడియోలలో మెత్తబడిన పాత నూలు చీరకు ఉన్న గౌరవం క్రొత్తదానికి లేదు.

ఇప్పుడు ఒకటవ తేదీన చేరబోయే ఆ అమ్మాయి దగ్గరకు తిరిగి వెళదాము. ఆమెకు మొదటి రోజున పది చీరలు అక్కరలేదు. ఆరు రోజుల వారానికి నాలుగు చాలు. మొదటి రెండూ వారాంతంలో మరొకసారి వస్తాయి. నాలుగు చీరలు వెయ్యి చొప్పున నాలుగువేలు, మొదటి నెలకు మూడు రవికలు పదిహేను వందలు, లోపలి నూలు లంగాలు రెండు నాలుగువందలు. మొత్తం ఐదువేల తొమ్మిదివందలు. కాని కొనకముందు ఇంటిలోని పెట్టెలు ఒకసారి దించాలి. తల్లి, పిన్ని, అత్తగారు పేరంటాలలో పుచ్చుకొని కట్టని నూలు చీరలు రెండైనా దొరకని ఇల్లు అరుదు. రంగు పెద్దవారిదని అమ్మాయి ముఖం ముడుచుకొనవచ్చు. నల్ల రవికతో కట్టి చూస్తే చాలాసార్లు మనసు మారుతుంది. రెండు చీరలు ఇంటిలోనే దొరికితే కావలసినది మూడువేల తొమ్మిదివందలు. ఈ మొత్తం వాయిదాలు లేకుండా సమకూర్చుకోవచ్చు. నాల్గవ రవిక రెండవ జీతంలో. ఐదవ చీర ఆషాఢంలో. ఆరవది, వాన చీర, తొలకరికి ముందు.

ఇంటి జమాఖర్చుల పుస్తకంలో చివరి పుట ఒకటి దీనికి కేటాయించి, ప్రతి దుస్తు ఎదుట కొన్న తేదీ, ధర వ్రాసి, కట్టినప్పుడల్లా ఒక గీత గీయండి. సంవత్సరం తరువాత ఆ గీతలు చూస్తే, మనకు నచ్చి కొన్నవి ఏవో, నిజంగా కట్టుకొన్నవి ఏవో తేలిపోతుంది. రెండవసారి బజారుకు వెళ్ళేటప్పుడు ఆ పుట చేతిలో ఉంటే చాలు. ఒళ్ళు పలుచబడిన చీరలకు అంచు ఇంకా గట్టిగానే ఉంటుంది. దానిని విప్పి కుర్తా చేతులకో, క్రింది అంచుకో కుట్టించుకోవచ్చు. మిగిలిన గుడ్డ అప్పటికి పసిపాప పొత్తిళ్ళకు తగినంత మెత్తబడి ఉంటుంది. రెండు చీరలు కలిపి కుడితే బొంత అవుతుంది.